మంగళవారం చీరలు

ఏప్రిల్ 21, సోమవారం

కొత్త ఫోన్ కొనాలా వద్దా అన్నది ఈ వారంలో తేల్చేయాలి. పాతదానికి ఐదేళ్లు నిండాయి. అద్దం మీద ఈ మూల నుంచి ఆ మూలకి పగులు. చార్జింగు వైరు గుచ్చి, పక్కన ఇటుక ముక్క ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చుంటే ఎక్కుతుంది. తుమ్మితే ఆగిపోతుంది.

వేరేవాళ్ల ఫోన్ అయితే ఈ పాటికి చెత్తలో ఉండేది. నాది అలా కుదరదు. ఉపాధి పనిలో పదహారు మందికి నేను మేటుని. వాళ్లు కాలువలో పూడిక తవ్వితే చాలదు, తవ్వారని నా ఫోన్ కూడా చెప్పాలి. పొద్దున్న ఆరున్నరకి ఒక ఫొటో, పదిన్నర దాటాక ఇంకో ఫొటో. రెండూ వెళితేనే ఆ రోజు కూలి. ఒకటి తప్పితే ఆ రోజు పదహారు మందీ ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకున్నట్టే లెక్క. నేను మాత్రం ఏ ఫొటోలోనూ ఉండను. తీసేది నేనే కదా.

ఈ రోజు పనిలో ఒక పుకారు వదిలాను. పైవాళ్లు ఫొటోలో పళ్లు లెక్కపెట్టి మరీ కూలి ఇస్తున్నారన్నాను. అందరూ ఇకిలించుకుని నిలబడ్డారు. జగ్గమ్మ అత్తకి మాత్రం భయం పట్టుకుంది.

"ఒసే సిన్నతల్లీ, నాకు నాలుగే ఉన్నాయి. నాలుగు రోజుల కూలే ఇస్తారేటి?"

"ఐదో పన్ను అప్పు తెచ్చుకో అత్తా" అన్నాను. మట్టిగెడ్డ విసిరింది. తగల్లేదు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, గురి తప్పింది.

ఫోన్ మాట ఇంట్లో ఎత్తితే మా ఆయన అప్పలసూరి, "కొనేయే. అందులో మొకం పెట్టుకుంటే నా పేనం సుకంగుంటాది" అన్నాడు. చీటీ డబ్బు బియ్యం డ్రమ్ము అడుగున ఉంది. ఆ డ్రమ్ము వెనకే ఈ డైరీ. ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చారు. ఆయన చదవడు, చదివినా నమ్మడు.

ఏప్రిల్ 22, మంగళవారం

పని దగ్గర నవ్వులాట. ఫోన్ చెయ్యి జారింది. తుడిచేశాను. ఫొటో వెళ్లింది.

జగ్గమ్మ అత్తకి మోకాలు కాస్త గీరుకుంది. పెద్దదేం కాదు.

ఫొటో వెళ్లింది.

ఏప్రిల్ 23, బుధవారం

ఫోన్ బాగుంది. రాత్రంతా బియ్యంలో పాతిపెట్టి, పొద్దున్న కాసేపు పెంకుల మీద ఆరబెట్టాను. రెండు ఫొటోలూ వెళ్లాయి. నా కళ్లతో చూశాను, పచ్చటి టిక్కు పడింది.

కాబట్టి కొత్తది అంత తొందరేం లేదు.

అయినా ఆలోచిస్తే కొనడమే మేలు అనిపిస్తుంది. కొంటే మా గ్రూపులోని పద్మకుమారి నోరు మూతపడుతుంది. వరసకి చెల్లెలైన ఆ పిల్ల వాయిదాల మీద కొన్న ఫోన్ పట్టుకుని గట్టు మీద వయ్యారాలు పోతూ, "అప్పా, నీ ఫోన్ మ్యూజియంలో పెడితే టికెట్టు కొని సూస్తారు" అంటుంది. కొంటే ఇటుక ముక్క అక్కర్లేదు, ఊపిరి బిగబట్టక్కర్లేదు.

కొనకపోవడానికీ కారణాలున్నాయి. పాతది బురదలో పడితే తుడుచుకుంటాను, కొత్తది పడితే దాని వెనక నేనూ దూకాలి. మేటుకి ముట్టేది ఒక్కో మనిషి కూలి మీద నాలుగు రూపాయలు. ఆ నాలుగు రూపాయలకి పదివేల ఫోన్ మనమే కొనుక్కోవాలి. పలుగు మనదే, పార మనదే, తట్ట మనదే, చివరికి కన్ను కూడా మనదేనా? అసలు మేటు పని నేనేం అడిగి తెచ్చుకోలేదు. ఎనిమిదో క్లాసు దాకా చదివినదాన్ని మా గ్రూపులో నేనే దొరికాను. ఎనిమిది తప్పానని ఎవరికీ చెప్పలేదు.

జగ్గమ్మ అత్త మోకాలికి పసుపు రాసి, పెద్ద గుడ్డ చుట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. తట్ట మొయ్యవద్దు, మట్టి తట్టలోకి ఎత్తమన్నాను. నా వైపు ఒకసారి చూసి పార అందుకుంది.

ఏప్రిల్ 24, గురువారం

పన్నెండింటికి తిరుమలరావు ఫోన్ చేశాడు. ఫీల్డ్ అసిస్టెంటు. మా ఊరివాడే, వరసకి తమ్ముడు.

"అప్పా, నీ గ్రూపుది మంగళవారం రెండో ఫొటో రానేదు. పొద్దున్నది ఒక్కటే ఉన్నాది."

"వెళ్లిందే!"

"ఎల్లితే నాకు కనబడదేటి? ఫోన్లో ఉండిపోనాదేమో సూడు. సిగ్నలు నేనప్పుడు తీసిన ఫొటో తరవాత పంపినా తీసుకుంటాది. రేపు సాయంత్రం దాకా టయిముంది. శనివారం హాజరు మస్టరు కట్టేస్తాను."

"ఉంది ఉంది, ఫోన్లోనే ఉంది. సిగ్నల్ లేక ఆగింది. పంపిస్తాను" అన్నాను.

మంగళవారం పేజీ తిప్పి చూశాను. "ఫొటో వెళ్లింది" అని రెండుసార్లు రాసి ఉంది. ఒక్కసారి రాస్తే నేనే నమ్మనని కాబోలు. నా డైరీకి నేనే టోపీ పెట్టాను.

సరే, రాస్తాను. మంగళవారం రెండో ఫొటో వెళ్లలేదు. అసలు తియ్యలేదు.

పదింటికి అందరూ గట్టు మీద కూలబడ్డారు. జగ్గమ్మ అత్త గుర్రు పెడుతోంది. పక్కనే పద్మకుమారి అటు తిరిగి ఫోన్ చూసుకుంటోంది. ఇద్దరి కొంగులూ పక్కపక్కనే ఉన్నాయి. నా చేతులు ఊరుకుంటాయా? ముడేశాను. కాలువలోకి దిగి, ఫోన్ పైకెత్తి, "ఫొటో! లేవండి! తిరుమలరావు వస్తున్నాడు!" అని కేక పెట్టాను. పద్మకుమారి ఎగిరి లేచింది. అత్త లేవబోయి మోకాలి మీద పడింది. ఆ లాగుడికి పద్మకుమారి నా మీదికి దొర్లింది. ఫోన్ బురద గుంటలో పడింది.

అందరూ నవ్వారు. నేనే ఎక్కువ నవ్వాను. ఆ నవ్వులో ముడి విప్పేశాను, ఎవరూ చూడలేదు. కొంగు తొక్కుకుని పడ్డారనుకున్నారు. ఫోన్ తుడిచి చూస్తే కెమెరాలో నల్లటి తెర. అయినా చెయ్యెత్తి, "ఒకటి, రెండు, మూడు, అయిపోయింది, వెళ్లింది" అన్నాను. పదహారు మందీ నల్లటి ఫోన్ ముందు పళ్లు బయటపెట్టి నిలబడ్డారు.

అప్పుడే చెబితే తిరుమలరావు వచ్చి తన ఫోన్‌లో తీసేవాడు. మేటుల మీటింగులో ఆ మాట వాడే చెప్పాడు. చెప్పాలంటే ఫోన్ ఎలా పడిందో కూడా చెప్పాలి.

రేపు సాయంత్రం దాకా టైముంది.

ఏప్రిల్ 25, శుక్రవారం

పనయింది. వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇంత తెలివి నాలో ఉందని నాకే తెలీదు.

ఫోన్‌లో తారీఖు వెనక్కి తిప్పొచ్చు. సెట్టింగుల్లో ఉంది. ఇరవై రెండు పెట్టి, నెట్టు ఆపి ఫొటో తీస్తే, ఫొటో మీద ఇరవై రెండే పడుతుంది. తర్వాత నెట్టు పెట్టి పంపడమే. చిక్కల్లా చీరలతో. మంగళవారం పొద్దుటి ఫొటో పైవాళ్ల దగ్గరుంది. ఆరున్నరకి ఆకుపచ్చ చీరలో ఉన్న మనిషి పదిన్నరకి ఎర్ర చీరలోకి మారదు కదా. అందుకని నిన్న సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాను.

"రేపు అందరూ మంగళవారం కట్టిన చీరలే కట్టుకు రావాలి. పైన వేసుకున్న చొక్కా కూడా అదే. తలకి తువ్వాలు కూడా అదే."

"ఎందుకే?" అంది జగ్గమ్మ అత్త.

"ఎవరికి ఎంత గ్యాపకముందో సూద్దారని. తప్పు కట్టినోళ్లు మర్నాడు అందరికీ బెల్లం తేవాలి."

నా మాట నమ్మారు. నా పిచ్చి వేషాలు వాళ్లకి కొత్త కాదు. పొద్దున్న పదహారు మంది పెళ్లికొచ్చినట్టు వచ్చారు. ఒకరి చీర ఒకరు పట్టి చూడటం, "కాదే, నువ్వు మంగళవారం ఈ పూల చొక్కా ఎయ్యనేదు" అని దెబ్బలాట. పద్మకుమారి చీర ఉతికి ఆరెయ్యలేదట, తడిదే చుట్టుకొచ్చింది.

"అప్పా, నాకు జలుబు సేస్తే నీ ఫోన్ అమ్మి మందులు కొంటాను."

"నా ఫోన్ అమ్మితే తుమ్ముకి కూడా రాదే" అన్నాను.

పొద్దుటి ఫొటో ఈ రోజుది మామూలుగా తీశాను. పదిన్నర దాకా ఆగాను. నీడలు కూడా చూసుకున్నాను, మంగళవారం పదిన్నరకి నీడ ఎటుంటే అటే ఉండాలి. తారీఖు తిప్పాను. చేతులకి చెమట. అద్దం ఆ చెమటకి పలకదు, పైట చెంగుతో తుడిచి తుడిచి నొక్కాను. తిప్పాక ఒకసారి వరస చూశాను. జగ్గమ్మ అత్త మోకాలికి కట్టు! మంగళవారం ఆ కట్టు లేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నిలబడింది, తెల్లగా మెరుస్తోంది.

"అత్తా, నువ్వలా దిమ్మ వెనక్కి రా."

కొలత కోసం కాలువ మధ్యలో మట్టి దిమ్మ ఒకటి తవ్వకుండా వదిలేస్తాం. చుట్టూ ఎంత తవ్వితే దిమ్మ అంత ఎత్తు కనబడుతుంది. తిరుమలరావు వచ్చి దాన్నే కొలుస్తాడు. అత్త దాని వెనక నిలబడితే కట్టు కనబడలేదు.

"ఎనక్కెందుకే?"

"నువ్వు అందగత్తెవి, ముందుంటే మిగతావాళ్లని ఎవరూ చూడరు."

అత్త నవ్వలేదు. దిమ్మ మీద చెయ్యేసుకుని నా వైపే చూస్తూ నిలబడింది. తీశాను. మళ్లీ తారీఖు ముందుకి తిప్పి, ఈ రోజుది ఇంకోటి తీశాను. మధ్యాహ్నం బస్సు షెల్టరు దగ్గర సిగ్నల్ బాగుంటుంది, అక్కడికెళ్లి రెండూ పంపాను. పచ్చ టిక్కు.

వెళ్లింది. ఈసారి నిజంగా.

ఏప్రిల్ 26, శనివారం

తిరుమలరావు కొలతలకి వచ్చాడు. టేపు పట్టింది నేనే. ఫోన్ చూసుకున్నాడు, దిమ్మ చూశాడు, మళ్లీ ఫోన్ చూసుకున్నాడు. ఎండకి కళ్లు చికిలించాడేమో.

రేపు అరసవల్లి వెళుతున్నాం. దేవుడి దర్శనం, అటు నుంచి ఫోన్ కొట్టు. కొనేస్తాను. ఇంత జరిగాక కూడా కొనకపోతే బుద్ధి లేనట్టే.

ఏప్రిల్ 27, ఆదివారం

ఆదివారం అరసవల్లి అంటే మనిషి మీద మనిషి. సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకుంటూ ఏం కోరుకోవాలో తోచలేదు. అందరినీ పైనుంచి చూసే దేవుడు. ఆయనకి రోజుకి రెండు ఫొటోలు అక్కర్లేదు. తొందరగా బయటికొచ్చేశాను.

ఆటోల సందులో ఫోన్ల కొట్టు. మోహనకృష్ణ అని ఓనరు, నున్నగా తల దువ్వుకున్నాడు. ఫోన్ చేతిలో పెట్టి, "మేడమ్, ఈ కెమెరాలో చీమ కాళ్లు లెక్కపెట్టొచ్చు" అన్నాడు.

"చీమలు మా దగ్గర పనికి రావు" అన్నాను. అప్పలసూరి నవ్వాడు.

ఫోన్ బాగుంది. అద్దం మీద వేలు జారుతుంటే వెన్న మీద జారినట్టుంది. బరువు లేదు. అలా పట్టుకుని ఉండగానే నా పాత ఫోన్ మోగింది. తిరుమలరావు. కొట్టు బయటికొచ్చాను.

"అప్పా, ఎక్కడున్నావు?"

"అరసవల్లి."

"మంగళవారం రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి సూసినావేటి?"

"ఏటుంది సూడ్డానికి? అవే మనుషులు, అవే చీరలు."

"సీరలు బాగున్నాయి. దిమ్మ సూడు. పొద్దున్న ఆరున్నర ఫొటోలో దిమ్మ సీలమండ దగ్గరుంది. పదిన్నర ఫొటోలో జగ్గమ్మ నడుం దగ్గరుంది. నాలుగ్గంటల్లో నడుం లోతు తవ్వీసినారేటి అప్పా పదహారు మంది ఆడోళ్లు?"

ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాను.

చీర చూశాను. చొక్కా చూశాను. తువ్వాలు చూశాను. నీడ కూడా చూశాను. రోజూ చూసే మట్టి చూడలేదు. పైగా కట్టు దాచడానికి అత్తని తీసుకెళ్లి ఆ దిమ్మ వెనకే నిలబెట్టాను.

"నాను నీ మీద పిర్యాదు రాయను" అన్నాడు తిరుమలరావు. గొంతు తగ్గించాడు. "కానీ బుధవారం పైనుంచి కొలతకి వస్తన్నారు. ఫొటోలు పట్టుకునే వస్తారు. ఆలే కనిపెడితే మంగళవారం ఒక్కటే కాదు, మీ గ్రూపు వారం మస్టరంతా కొట్టీసినా కొట్టీగలరు. నువ్వే ముందుగా రాసిచ్చీ. మంగళవారం రెండో ఫొటో తియ్యనేదు, తరవాత తీసినానని. ఆ ఒక్క రోజు పోతాది. నీ మేటు పని పోతాది. మిగతా అయిదు రోజులు నిలబడతాయి."

"రాయకపోతే?"

"కనబడకపోతే నీ అదృష్టం. కనబడితే పదహారు మంది. నువ్వే సూసుకో."

లోపలికొచ్చాను. అప్పలసూరి, "ఎవులే?" అన్నాడు. "తిరుమలరావు. కొలతలట" అన్నాను.

అప్పుడొక ఆలోచన వచ్చింది. రాస్తున్నాను, ఎవరూ చదవరు కదా. కొత్త ఫోన్ కొనేసి, పాతది వంశధారలో పారేస్తే? తారీఖు తిప్పిన ఫోనే లేకపోతే ఎవరేం అడుగుతారు? ఫోన్ పాడైంది, ఫొటోలు దానికదే తారుమారు చేసుకుంది అని చెప్పొచ్చు. కొత్త ఫోన్‌కి ఇది కూడా ఒక లాభమే.

"ఒకసారి నవ్వండి మేడమ్" అని మోహనకృష్ణ కొత్త ఫోన్‌తో నా ఫొటో తీసి చూపించాడు. చీమ కాళ్ల సంగతి తెలీదు కానీ నా మొహంలో ఉన్నదంతా పడింది. ఫోన్ బల్ల మీద పెట్టేశాను. రేపొస్తామన్నాను.

బస్సు వంశధార మీది మడపాం వంతెన ఎక్కింది. కిటికీ పక్కన నేను, చేతిలో పాత ఫోన్. ఏట్లోకి చూశాను. ఏప్రిల్ నెల. మధ్యలో సన్నటి పాయ, మిగతాదంతా ఇసక. విసిరితే ఇసకలో పడి, నలుగురికీ కనబడేలా ఎండలో మెరుస్తూ కూర్చుంటుంది.

అప్పలసూరి, "అదెందుకే అలగ కిటికీ బయట పెట్టినావు, పడిపోతాది" అన్నాడు.

లోపల పెట్టుకున్నాను.

ఏప్రిల్ 28, సోమవారం

చెప్పలేదు. ఎండ ఎక్కువగా ఉంది. ఎండలో ఇలాంటివి చెబితే వాళ్లకి వడదెబ్బ తగులుతుంది.

రెండు ఫొటోలూ వెళ్లాయి.

పైవాళ్లకి కనబడదేమో. వాళ్లకి మా కాలువ ఒక్కటేనా? ఎన్ని కాలువలు, ఎన్ని దిమ్మలు.

చెప్పలేదు.

ఏప్రిల్ 29, మంగళవారం

చెప్పాను.

పదింటికి గట్టు మీద కూర్చున్నారు. తుమ్మచెట్టు నీడ సగం మందికి చాలదు. పద్మకుమారి మజ్జిగ సీసా తిప్పుతోంది. నేను నిలబడే ఉన్నాను.

"మీకో సంగతి చెప్పాలి. పోయిన మంగళవారం రెండో ఫొటో తియ్యలేదు. ఫోన్ బురదలో పడి కెమెరా పనిచెయ్యలేదు. తీసినట్టు మీకు అబద్ధం చెప్పాను. శుక్రవారం మీ చేత మంగళవారం చీరలు కట్టించి దొంగ ఫొటో తీశాను. అది దొరికిపోయింది."

పద్మకుమారి పకపకా నవ్వింది. ఆ వెనక అందరూ.

"ఓలమ్మో! ఈసారి కత బాగా కట్టినావప్పా!"

"పళ్ల లెక్క అయిపోనాది, ఇప్పుడు దొంగ ఫొటోలేటి?"

"మొకం సూడండే! ఏడుపు మొకం కూడా పెట్టినాది!"

నవ్వుతున్నారు. నేను నిజం అంటున్నకొద్దీ నవ్వుతున్నారు. ఇరవై ఏళ్లుగా వీళ్లని ఏడిపించి నవ్వించినదాన్ని, ఈ రోజు ఒక్క మాట నమ్మించలేకపోయాను. కళ్లలో నీళ్లొచ్చాయి. దానికీ నవ్వారు.

"నిజమేనే" అంది జగ్గమ్మ అత్త.

ఆవిడొక్కతే నవ్వలేదు. కట్టు విప్పి మోకాలు ఎండకి పెట్టుకుని కూర్చుంది.

"నన్ను దిమ్మ ఎనక్కి తోసినప్పుడే అనుకున్నాను. మంగళవారం ఈ దిమ్మ నా సీలమండ దాటనేదు. శుక్రవారం దాని మీద సెయ్యేసుకుని నిలబడ్డాను. ఇదెక్కడి మంగళవారమే అనుకున్నాను."

"మరి అప్పుడే అడగలేదేటత్తా?"

"నువ్వు సెప్తావో నేదో సూద్దారని. నాలుగు రోజులు పట్టీసినాది నీకు." మోకాలు రుద్దుకుంది. "మిగతాది కూడా సెప్పు. కొంగులు ముడేసింది ఎవులే?"

అది కూడా చెప్పాను.

ఇక అప్పుడు ఎవరూ నవ్వలేదు. పద్మకుమారి మజ్జిగ సీసా కింద పెట్టేసింది. "నా కొంగు తొక్కుకున్నానని వారం రోజులు నన్నే తిట్టినారు కదప్పా అందరూ. నువ్వు కూడా తిట్టినావు. నువ్వు కూడా!" అంది. ఒకావిడ, "మాకు కూలి రాకపోతే నీకేటి, నీకు సీటీ డబ్బులున్నాయి" అంది. ఇంకొకావిడ అన్నది ఇక్కడ రాయను, మా అమ్మ పేరు కూడా వచ్చింది. నా దగ్గర జవాబులన్నీ ఉన్నాయి, ఒక్కటీ బయటికి తియ్యలేదు.

పోయేది ఒక్క రోజు కూలి, కాగితం రాసిస్తే మిగతా ఐదూ నిలబడతాయి అని చెప్పాను. ఫోన్‌కి దాచిన డబ్బుంది, ఆ రోజు కూలి నేనిస్తాను అన్నాను.

అత్త చెయ్యి అడ్డం ఊపింది. "నీ డబ్బులు నీ దగ్గరే ఉంచుకో. మాది పోనాది రోజు. రోజుకి రోజే ఇయ్యి. జూలైలో ఉడుపులప్పుడు మనిసి దొరకదు. ఒక్కొక్కరి మడిలో ఒక్కో రోజు వచ్చి నాటు. కూలి నేదు. మళ్లీ మేం నీ మడికి రాం. సద్ది కూడా నీదే తెచ్చుకో."

మా దగ్గర ఉడుపులకి, అంటే వరి నాట్లకి, ఒకరికొకరు బదులు వెళతాం. నువ్వు నా మడిలో ఒక రోజు, నేను నీ మడిలో ఒక రోజు. బదులు లేకుండా వెళ్లడం ఎవరూ ఎరగరు.

"నాకు మడి నేదు" అంది పద్మకుమారి, మొహం అటు తిప్పుకునే. "ఒక రోజు నా పిల్లని సూసుకో. అది నీకంటే అల్లరిది."

"ఇంకోటి" అంది అత్త. "ఆ పదహారు రోజులూ ఎవుల్నీ ఏడిపించకూడదు. నోరు కట్టీసుకోవాలి."

"పదహారు రోజులా!" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో కానీ, ఎవరో ఒకరు వెనక కిసుక్కుమన్నారు. ఎవరో చూడలేదు.

ఏప్రిల్ 30, బుధవారం

కాగితం రాశాను. ఐదుసార్లు చించి రాశాను. కారణాలన్నీ కొట్టేస్తే నాలుగు లైన్లే మిగిలాయి. కింద "మేటు చిన్నతల్లి" అని సంతకం పెట్టి, తర్వాత మొదటి మాట కొట్టేశాను.

కొలతకి పైవాళ్లు పదకొండింటికి వచ్చారు. ఒకాయన కాగితం చదివాడు, ఫొటోలు చూశాడు, దిమ్మ దగ్గర గొంతుక్కూర్చుని చూశాడు. నేను కాలువ గట్టున నిలబడి ఉన్నాను. వెనక పదహారు మంది. ఒక్కరూ పార ఎత్తలేదు.

"ఈ చీరల ఆలోచన ఎవరిది?" అన్నాడు.

"నాదేనండి."

"ఇదే తెలివి ఫోన్ పాడైన రోజు చూపించి ఉంటే సరిపోయేది" అన్నాడు.

దిమ్మ కొలిచారు. తవ్వకం సరిగ్గా ఉంది, అంగుళం తేడా లేదు. మంగళవారం కొట్టేశారు. ఐదు రోజులు నిలబెట్టారు. నన్ను తీసేశారు.

ఇంటికొచ్చి ఎక్కువసేపు పడుకున్నాను. అప్పలసూరి అన్నం పెట్టుకుని తిని, నాకూ పెట్టాడు. ఇరవై నాలుగేళ్లలో రెండోసారి.

మే 4, ఆదివారం

అప్పలసూరి అడిగాడు. "ఫోన్ కొంటావా, కొనవా? మళ్లీ బస్సు మిస్సయిపోతాది."

కొనడం వల్ల లాభం ఏమిటో రాద్దామని కూర్చున్నాను. పేజీ మీద ఏమీ పడలేదు. పాత ఫోన్ మోగుతుంది, నేను మాట్లాడితే అవతలవాళ్లకి వినిపిస్తుంది. పదహారు మంది కూలి ఇప్పుడు దాని మీద లేదు. ఇటుక ముక్క మాత్రం తీసెయ్యలేదు.

"ఇప్పుడు కాదు" అన్నాను.

మే 5, సోమవారం

పద్మకుమారి కొత్త మేటు. నేను పార పట్టుకుని వెళ్లాను. చేతులు బొబ్బలెక్కాయి, రాయడం కష్టంగా ఉంది.

ఆరున్నరకి ఫొటో. నా కాళ్లు వాటంతటవే వెళ్లి పద్మకుమారి పక్కన, ఫోన్ ఇవతల నిలబడ్డాయి. "అప్పా, నువ్వు అటు" అంది. మాట మెత్తగానే ఉంది, మొహం ఇంకా గట్టిగానే ఉంది. కాలువలోకి దిగాను. ఎక్కడ నిలబడాలో తెలీలేదు. ఎవరూ జరగలేదు. చివరికి జగ్గమ్మ అత్త, "ఇలా రాయే, దిమ్మ పక్కకి" అంది.

వెళ్లి నిలబడ్డాను. ఎదురుగా ఎండ, ఫోన్ నల్లటి చుక్కలా ఉంది. ఇన్నాళ్లూ వీళ్లకి ఇలా కనబడిందన్నమాట. లోపల ఫొటో పడుతోందో లేదో ఇటు నుంచి ఏమీ తెలీదు. తీసేవాళ్ల మాట నమ్మి పళ్లు బయటపెట్టడమే.

"ఒకటి, రెండు..."

కొంగు దగ్గర ఏదో లాగినట్టయింది. చూశాను. నా కొంగు, జగ్గమ్మ అత్త కొంగు, మధ్యలో బిగించిన ముడి. ఎప్పుడు వేసిందో. అత్త మాత్రం ఎదురుగా ఫోన్ వైపే చూస్తోంది, నాలుగు పళ్లూ బయటపెట్టి.

విప్పలేదు. ఆవిడ మోకాలు నొప్పిది. నేను కదిలితే ఆవిడ పడుతుంది. అలాగే నిలబడ్డాను.

"మూడు" అంది పద్మకుమారి. తర్వాత ఫోన్ తిప్పి, అంత దూరం నుంచే అందరికీ చూపించింది. పచ్చ టిక్కు.

ఫొటో వెళ్లింది.